నేటి కాయకము – రేపటి చింత



భార్యకు గాని భర్తకు గాని శస్త్రచికిత్స చేయవలెనని వైద్యుడు చెప్పిన దినము మొదలు ఆ ఇంట పొయ్యి మండుచునే యుండును, దీపము వెలుగుచునే యుండును. కాని మనస్సు మాత్రము ఇంటిలో నుండదు. అది అప్పుడే ఆస్పత్రికి పోయి, మూసిన తలుపు ముందర కూర్చుండి, ఇంకను జరుగని దానిని జరిగినట్లే చూచి వణకుచుండును. కత్తి తగులునది ఒకరి దేహమునకు. గాయము ముందుగా తగులునది ఇంకొకరి మనస్సునకు. ఇట్టి చింత భక్తి లేనివారికే కలుగుననుకొనుట పొరపాటు. లింగధారణ చేసిన దేహమును రక్తమాంసములతో కూడినదే; ప్రేమించిన మనస్సు భయపడక మానదు. చింత కలిగినదని ఎవరును సిగ్గుపడ నక్కరలేదు. కలిగిన చింతను ఏమి చేయవలె నన్నదే ప్రశ్న.

నారాయణపేటలో ఒక నేత ఇంటిని ఉదాహరణముగ గైకొనవచ్చును. భర్త మగ్గపు గుంటలో కూర్చుండి నాడె ఆడించును. భార్య రాట్నము వద్ద కండెలు చుట్టును. ఆ ఊరి నేతలో ఒక విశేషము కలదు. ఒక్కొక్క చీరకు వేరుగా పడుగు పెట్టక, ఎనిమిది చీరలకు చాలిన పడుగును ఒకేసారి మగ్గమున కెక్కింతురు. భార్యకు కొన్ని నెలలుగా భోజనము చేసిన పిదప కుడి డొక్కలో నొప్పి వచ్చుచున్నది. పరీక్షింపగా పిత్తాశయములో రాళ్లున్నవనియు, దానిని తీసివేయవలెననియు తేలినది. తేదీ నిర్ణయమైనది. ఆనాటినుండి భర్తకు నిద్ర లేదు. మగ్గము మీద పోగులు తెగుచున్నవి. తెగిన పోగును ముడివేయుచు అతడు తలపోయుచున్నాడు: మత్తు ఇచ్చిన తరువాత మెలకువ రాకున్న నేమి? అప్పు ఎట్లు తీరును? పిల్లలకు దిక్కెవరు? భార్యతో మాత్రము “చిన్న ఆపరేషనే గదా” అనును. ఆమెయు అతనితో అదే మాట అనును. ఇద్దరును ఒకరి చూపు నుండి ఒకరు తప్పించుకొని తిరుగుచుందురు. ఒకే కప్పు క్రింద రెండు చింతలు వేర్వేరుగా పెరుగుచుండును.

ఈ దంపతుల కొరకే చెప్పినట్లుండు కథ ఒకటి శరణ చరిత్రములలో కలదు. 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు కల్యాణమున నుండగా, రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి మారయ్య, లక్కమ్మ అను దంపతులు అచటికి చేరిరి. బసవేశ్వరుని మహామనె వాకిట నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమ దాసోహము చేయుట లక్కమ్మ కాయకము. అందుచే అతనికి ఆయ్దక్కి మారయ్య యని పేరు వచ్చెను. ఒకనాడు మారయ్య ఎప్పటికన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. దినమునకు వలసిన దానికంటె అధికముగ నున్న దానిని తిరిగి తీసికొనిపోయి, తెచ్చిన చోటనే వేసి రమ్మని భర్తకు చెప్పెను. మారయ్య అట్లే చేసెను. మరియొకప్పుడు అతడు ప్రభుదేవునితో అనుభావ గోష్ఠిలో మునిగి కాయకమును మరచి యుండగా, కాయకము నిలిచినదని గుర్తుచేసినదియు ఆమెయే యని పరంపర చెప్పుచున్నది.

ఈ కథను సాధారణముగ దురాశను ఖండించుటకు చెప్పుదురు. అది సరియే. అయితే సంపదవలెనే చింతను గూడ మానవుడు అవసరమునకు మించి కూడబెట్టును. రేపటి నొప్పిని, ఎల్లుండి అప్పును, రానిదో వచ్చునదో తెలియని దుఃఖమును నేడే ఏరి సంచి నింపుకొని ఇంటికి తెచ్చును. ఆ బరువుతో నేడు చేయవలసిన పని చేయలేకపోవును. లక్కమ్మ చెప్పిన మాటలో రెండు భాగములున్నవి. రేపటి గింజను తెచ్చిన చోట వేసి రావలెను. నేటి గింజను మాత్రము విడువక ఏరవలెను. మొదటి దానిని మాత్రమే పట్టుకొన్నవాడు సోమరి యగును. రెండవది కూడ పట్టుకొన్నవాడే కాయకజీవి.

కావున “చింతింపకుము, అంతయు శివుడే చూచుకొనును” అని చెప్పి పోవుట శరణమార్గము కాదు. చేతికి పని లేనప్పుడు ప్రేమ చింతగా మారును. ఆ ప్రేమకు నేడు చేయదగిన పని చూపిన యెడల అది తిరిగి సేవగా మారును. శస్త్రచికిత్స ఎదుట నున్న ఇంటికి ఆ నేటి కాయకము లేవి?

మొదటిది తెలిసికొనుట. తెలియని దానికి భయము వేయి రూపములు కల్పించును. ఏ అవయవమునకు చికిత్స, ఎందులకు, చేయకున్న నేమగును, వేరు మార్గమున్నదా, మత్తు ఎట్టిది, ఎన్ని దినములు ఆస్పత్రిలో నుండవలెను, రక్తము కావలసి వచ్చునా అను ప్రశ్నలను ఒక కాగితము మీద వ్రాసికొని దంపతులిద్దరును కలిసి వైద్యుని అడుగవలెను. వైద్యుడు అడుగకున్నను చెప్పవలసినవి కొన్ని కలవు: రోజు వాడుచున్న మాత్రలు, ముఖ్యముగ మధుమేహపు మందులు, రక్తమును పలుచన చేయు మందులు; లోగడ ఏ మందైన పడకపోయి యున్న ఆ సంగతి; కదలుచున్న పళ్లు. ఇవి చిన్న విషయములని దాచరాదు. ప్రశ్నించుట వైద్యుని అవమానించుట కాదు. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఎదుట కూర్చుండిన శరణులు ప్రశ్నించియే తెలిసికొనిరి.

డబ్బు చింతకును ఇదియే మార్గము. ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును 2007 ఏప్రిల్‌లో తొలిగా ఆరంభించిన మూడు జిల్లాలలో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. నారాయణపేట అప్పుడు ఆ జిల్లాలోని పట్టణమే. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు జిల్లా అయినది. 2023 డిసెంబరులో తెలంగాణమున ఆ పథకపు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. తమ చికిత్స అందులోనికి వచ్చునా, ఏ ఆస్పత్రిలో జరుగును అని ఆరోగ్యమిత్రను ముందుగా అడుగుట ఒక పూట పని. ఆ పూట పని చేయక, వడ్డీ లెక్కలు వేయుచు పది రాత్రులు మేలుకొనుటలో ఫలము లేదు.

రెండవది దంపతులు ఒకరితో నొకరు నిజము చెప్పుకొనుట. శివభక్తిలో సతీపతు లిద్దరును ఏకమై నిలువవలెనని శరణులు బోధించిరి. ఆ ఏకత్వము పూజకు మాత్రమే గాదు, భయమునకును వర్తించును. పైని చెప్పిన ఇంటిలో భర్త ఒక రాత్రి తన భయమును భార్యతో చెప్పెననుకొందురు గాక. ఆమె కన్నీరు తుడుచుకొని ఇట్లనవచ్చును: “నాకును భయముగనే యున్నది. మన పడుగు ఎనిమిది చీరలది. ఎనిమిదింటిని ఈ రాత్రియే నేయగలరా? ఇప్పుడు చేతిలో నున్న పేకను వేయండి. రేపటిది రేపు.” భయము తొలగలేదు, కాని ఇద్దరి మధ్యకు వచ్చిన గోడ తొలగినది. రోగి తన భయమును దాచుటకు చేయు శ్రమ మిగిలినది. ఇంతకన్న మంచి ఔషధమును ఆ రాత్రి భర్త ఆమెకు ఇయ్యజాలడు.

మూడవది ఆచారమును అర్థముతో పాటించుట. వీరశైవ గృహములలో శస్త్రచికిత్స సమయమున మూడు సందేహములు పుట్టును. వీనిని ముందే తీర్చుకొనకున్న ఆనాటి ఉదయము చింత పదింతలగును.

ముహూర్తము గూర్చినది మొదటి సందేహము. ఇంటిలోని పెద్దవారు “అమావాస్య దాటనిండప్పా” అందురు. బసవేశ్వరుని బోధలో శివుని స్మరించిన ప్రతి వేళయు శుభవేళయే. తిథివార నక్షత్రములకు భక్తుడు భయపడ పనిలేదు. రాయి నాళమున కడ్డుపడి జ్వరము, కామెర్లు వచ్చినచో ఒక దినపు జాగు గూడ ప్రాణము మీదికి తెచ్చును. వైద్యుడు నిర్ణయించిన వేళయే సుముహూర్తము.

రెండవది పాదోదక ప్రసాదములను గూర్చినది. వేకువనే లింగపూజ ముగించి, “తల్లీ, ఇంత తీర్థము పుచ్చుకొని పొమ్ము” అని అత్తగారు ప్రేమతో చేయి చాచును. కాదనుట కష్టము. కాని మత్తు ఇచ్చునప్పుడు కడుపులో నున్నది పైకివచ్చి ఊపిరితిత్తులలో దిగినచో మిక్కిలి ప్రమాదము. అందుచేతనే సాధారణముగ ఘనాహారమును ఆరు గంటల ముందు, తేటనీటిని రెండు గంటల ముందు ఆపుమందురు. పాలు నీటివలె కనబడినను ఘనాహారముతో సమానమే. వైద్యుడు ఏ వేళకు ఆపుమనునో ఆ వేళకు ఆపవలెను. ప్రసాదమును కన్నుల కద్దుకొని దాచి యుంచి, వైద్యుడు అనుమతించిన పిదప స్వీకరించుట ప్రసాద తిరస్కారము కాదు. పొరపాటున ఏమైన తీసికొనినచో దాచక చెప్పవలెను. మాట దాచి ఆపద తెచ్చుకొనుటకన్న శస్త్రచికిత్స కొన్ని గంటలు వాయిదా పడుట మేలు.

మూడవదియు అన్నిటికన్న బరువైనదియు ఇష్టలింగమును గూర్చినది. దీక్ష నాడు గురువు కరస్థలమున నుంచిన లింగమును దేహమునుండి ఎడబాపరాదని నియమము. ఆస్పత్రిలోనేమో గాజులు, మెట్టెలు, తాళి మొదలు ఒంటి మీది దంతయు తీయుమందురు. భార్య కన్నులు భర్తవైపు తిరుగును. ఈ క్షణమున ఎవరికిని ఏమి చేయవలెనో తోచదు.

ఇచ్చట ఒక సంగతి గ్రహింపవలెను. వైద్యుడు ప్రధానముగ వద్దనుచున్నది లోహమును. విద్యుత్తుతో రక్తనాళములను మూయు పరికరము వాడునపుడు ఒంటి మీది లోహము కాలిన గాయములకు కారణము కావచ్చును. కావున ఒక దినము ముందే వైద్యునితో వినయముగ మాటలాడవలెను. వెండికాయ నుండి లింగమును తీసి, శుభ్రమైన వస్త్రమున చుట్టి, చికిత్సా స్థలమునకు దూరముగ కట్టుకొనుటకు అనుమతింతురా యని అడుగవలెను. లింగధారణకు స్థానము ఒక్కటియే గాదనియు, శిరస్సు, కంఠము, వక్షఃస్థలము, కరతలము మున్నగునవి కలవనియు ఆచార గ్రంథములు చెప్పుచున్నవి. వైద్యుడు అనుమతించినచో సరి. అనుమతింపనిచో? ఆ ప్రశ్నను తమ గురువునకు ముందే విన్నవించి ఆయన ఆజ్ఞను పొందవలెను. నిర్లక్ష్యముచే లింగమును ఎడబాయుట వేరు. చికిత్స కొరకు గురువు అనుజ్ఞతో కొన్ని గడియలు పదిలపరచుట వేరు. లింగము ఇష్టలింగమనియు ప్రాణలింగమనియు భావలింగమనియు మూడు విధములని శరణులు చెప్పిరి. కరస్థలమున కనబడునది ఒకటి. ప్రాణములో నిండినది ఒకటి. భావములో వెలుగునది ఒకటి. శస్త్రచికిత్సా గృహపు తలుపు వద్ద ఏ నర్సును తీయుమని అడుగజాలని లింగములు రెండు ఆ తల్లితో లోనికి పోవుచునే యున్నవి.

ఆ ప్రాణమును గూర్చియే భర్తకు పెద్ద భయము: మత్తులో ఊపిరి నిలిచిపోవునేమో యని. ఈ భయము నూతనము కాదు. దీనిని తీర్చుటకు శ్రమించిన వారి చరిత్రలో ఈ ప్రాంతమునకును పాలు కలదు. నారాయణపేట నిజాం రాజ్యమున నున్న కాలమున, 1888, 1889 సంవత్సరములలో, హైదరాబాదులో క్లోరోఫారము మత్తును పరిశీలించుటకు రెండు సంఘములు పనిచేసినవి. వైద్యుడు ఎడ్వర్డ్ లారీ వానికి మూలపురుషుడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను, ఎవరి పేరిట మహబూబ్‌నగరము వెలసినదో ఆయన, ధనసహాయము చేసెను. రోగి శ్వాసను ఎడతెగక కనిపెట్టవలెనని వారు నొక్కి చెప్పిరి. ఆ మందు గుండెకు హాని చేయదన్న వారి అభిప్రాయము తప్పని పిదప తేలినది. శ్వాసను కనిపెట్టవలెనన్న మాట మాత్రము నిలిచినది. ఆ రోజులలోనే హైదరాబాదులో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీక స్త్రీ మత్తు నిచ్చు విద్యలో ఆరితేరి, ఏండ్ల తరబడి రోగుల తలవద్ద నిలిచి వారి ఊపిరిని కాపాడెను. మత్తు నిచ్చు వైద్యులలో ప్రపంచమున తొలి స్త్రీలలో ఆమె నొకరిగ చెప్పుదురు.

నేడు మత్తు నిచ్చు వైద్యుడు శ్వాసను, గుండెను, రక్తములోని ప్రాణవాయువును గూడ యంత్రముల సహాయముతో క్షణక్షణము చూచుచుండును. శస్త్రచికిత్సలో కత్తి పట్టిన వానిని అందరు నెరుగుదురు. ఊపిరిని కాచువాడు తెర వెనుక నుండును. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సరిచూచు పట్టికను ప్రకటించెను. మత్తుకు ముందు, కోతకు ముందు, రోగిని బయటికి తెచ్చుటకు ముందు ఆగి, రోగి పేరును, చికిత్సను, స్థానమును, పరికరముల లెక్కను బిగ్గరగ సరిచూచుకొనవలెను. న్యూఢిల్లీతో సహా 8 నగరముల ఆస్పత్రులలో దీనిని ఆచరించి చూడగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడియైనది. కావున ఒకే పేరును ముగ్గురు మూడుసార్లు అడిగినచో భర్త విసుగుకొనరాదు. వారి కాయకమును వారు శ్రద్ధగ చేయుచున్నారని సంతోషింపవలెను.

నాల్గవది వేచియుండుట. తలుపు మూతపడినది. ఇక భర్త చేయగలదేమి? బసవేశ్వరుడు కూడలసంగమమున నుండి తన ధర్మపత్ని నీలాంబికను రమ్మని కబురంపెననియు, సంగమనాథుడు అచట నున్నట్లే తానున్న చోటను ఉన్నాడన్న ఎరుకతో ఆమె నిలిచెననియు చెప్పుదురు. ఆ తల్లికి నదీతీరముల దూరమే అడ్డు కానప్పుడు, ఆస్పత్రి తలుపొకటి అడ్డగునా? భర్త తన ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని దృష్టి నిలుపవచ్చును. మనస్సు నిలువకున్న ఉచ్ఛ్వాసమున ఒకసారి, నిశ్వాసమున ఒకసారి షడక్షరిని స్మరింపవచ్చును. అదియు కుదరకున్న లేచి, ప్రక్కన ఒంటరిగ కూర్చున్న వేరొక రోగి తల్లికి మంచినీరు తెచ్చి ఇయ్యవచ్చును. అదియును దాసోహమే. తన దుఃఖము లోపల చిక్కుకొన్న వానికి ఇతరుని దుఃఖము ద్వారము తెరచును. తాను వేళకు భోజనము చేయుటయు సేవలో భాగమే; సొమ్మసిల్లిన భర్త మేల్కొన్న భార్యకు భారమగును.

అయితే ఒక మాట దాచరాదు. ప్రతి శస్త్రచికిత్సయు సుఖాంతమగునని ఏ వైద్యుడును హామీ ఇయ్యడు. ఏ శరణుడును ఇయ్యలేదు. “ఆమెను బ్రతికించినచో ఇంత ఇచ్చెదను” అని మ్రొక్కుట భక్తి కాదు, బేరము. కోరినది దక్కినప్పుడే నిలుచు భక్తి వ్యాపారమగునని బసవ మార్గము హెచ్చరించుచున్నది. భార్య క్షేమమును కోరుట తప్పు గాదు, కన్నీటితో కోరవచ్చును. కోరిన పిదప ఆ కోరికను లింగమునకే అర్పించి చేయి ఖాళీ చేసికొనవలెను. ఖాళీ యైన చేయి మాత్రమే ఇంకొకరి చేతిని పట్టుకొనగలదు. ఫలితము ఎట్లున్నను, ఆ దినమున చేయవలసినది చేసితినన్న తృప్తి భర్తకు మిగులును. చింతతో గడిపిన రాత్రులలో ఒక్కటియు ఆ తృప్తిని ఇయ్యజాలదు.

ఐదవది ఇంటికి వచ్చిన తరువాతి సేవ. చాలమంది తలుపు తెరచుకొనగానే కాయకము ముగిసినదనుకొందురు. నిజమునకు భర్త కాయకము అచట ఆరంభమగును. జాతి, జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్టములను పంచసూతకములను శరణులు త్రోసివేసిరి. రక్తము, చీము, మూత్రము అంటినవని భార్య సేవకు వెనుదీయువాడు ఆ బోధను వినలేదనియే చెప్పవలెను. రక్తదానము చేసినవాని కులమడుగువాడును వినలేదు. కట్టు తడవకుండ చూచుట, మందులు వేళకు ఇచ్చుట, జ్వరము గాని, పెరుగుచున్న నొప్పి గాని, కామెర్లు గాని కనబడిన వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవుట, ఆమె నీళ్ల బిందె ఎత్తకుండ తానే ఎత్తుట: ఇవి చిన్న పనులు. లక్కమ్మ వండిన బియ్యము కూడ గింజ గింజగ ఏరినదే.

కూడలసంగమము వద్ద మలప్రభను కలిసికొనిన కృష్ణానది తూర్పుగ సాగి, నారాయణపేట జిల్లాలోనే తెలంగాణమున ప్రవేశించి, అచట భీమానదిని కలిసికొనుచున్నది. బసవేశ్వరుని ఐక్యస్థలమును తాకిన నీరు ఈ సీమకు ఎవరును మోసికొని రాకయే వచ్చుచున్నది. రేపటి దినము కూడ అట్లే తనంతట వచ్చును. దానిని నేడే మోయ పనిలేదు. నేడు వచ్చిన నీటిని మాత్రము వృథా పోనీయక చేదుకొనవలెను.

నేడు ఏ ఆస్పత్రి వసారాలో ఏ భార్య ఏ భర్త కొరకు, ఏ భర్త ఏ భార్య కొరకు కూర్చుండి యున్నారో, వారందరికిని సంగమనాథుడు నేటి కాయకమునకు చాలిన బలమును ప్రసాదించుగాక! రేపటి గింజను వాకిటనే విడిచివచ్చు ధైర్యమును కూడ ప్రసాదించుగాక!

శరణు శరణార్థి.